విటమిన్ డి డబ్బా మీద 60,000 అని కనిపించగానే కొనేయకండి, వెనక్కి తిప్పి చదవండి

మా వదినకి రక్తపరీక్షలో విటమిన్ డి మిల్లీలీటరుకి 11 నానోగ్రాములు వచ్చింది. 20 కంటే తక్కువుంటే లోపం కిందే లెక్క. డాక్టరు గారు 60,000 ఐయూ (విటమిన్లని కొలిచే అంతర్జాతీయ యూనిట్) క్యాప్సూల్ వారానికి ఒకటి, ఎనిమిది వారాలు వాడమని రాశారు. ఆన్‌లైన్‌లో చవగ్గా ఉందని అన్నయ్య ఒక డబ్బా తెప్పించాడు. ముందువైపు పెద్ద అక్షరాల్లో ‘డి3 60,000 ఐయూ’ అని ఉంది.

సగం కోర్సయినా ఒళ్లునొప్పులు తగ్గలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే బరువెంతని అడిగి, ‘లావుగా ఉన్నవాళ్లకి ఒకటి సరిపోదు మేడమ్, వారానికి రెండు వేసుకోండి’ అన్నారు. వదిన బరువు 92 కిలోలు, నిజమే కాబోలని అలాగే వేసుకుంది. కోర్సయ్యాక పరీక్ష చేయిస్తే 12!

అప్పుడు డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివాం. ఒక్కో క్యాప్సూల్‌లో ఉన్నది 1,000 ఐయూ. 60 క్యాప్సూళ్లూ కలిపితే 60,000. అంటే రెండేసి మింగినా వారానికి అందింది 2,000. పైగా అది మందు కాదు, ఫుడ్ సప్లిమెంట్. ఆహార పదార్థాలకిచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు వేసి అమ్ముతున్నారు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆ ఫోన్‌లో చెప్పిన మాట. అందులో సగం నిజం ఉంది. విటమిన్ డి కొవ్వులో కరుగుతుంది, ఒంట్లో కొవ్వు ఎక్కువున్నవాళ్లలో రక్తంలో దాని స్థాయి తక్కువగా పెరుగుతుంది. ఊబకాయం ఉన్నవాళ్లకి రెండు మూడు రెట్లు డోసు అవసరమవుతుందని అమెరికాలోని హార్మోన్ల వైద్యుల సంఘం ఎండోక్రైన్ సొసైటీ 2011లోనే చెప్పింది. కానీ అది డాక్టరు రిపోర్టు చూసి తేల్చాల్సిన విషయం. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని, డబ్బాలో సరుకు లేదన్న సంగతి దాచి, తప్పంతా ఆవిడ ఒంటి మీదకి నెట్టేశారు. పాపం, వదిన ఎంత బాధపడిందో.

ఇది చదివి అసలైన 60,000 కొన్నవాళ్లు ఇంట్లో అందరికీ పంచకండి. 45 కిలోల చెల్లెలికీ 90 కిలోల అక్కకీ ఒకే కోర్సు పనికిరాకపోవచ్చు. మామూలుగా రోజుకి కావాల్సింది 600 ఐయూ అని మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వారానికి ఒకటి వేసుకోవాల్సింది పొరపాటున రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు. రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిమరుపు వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇలాంటివి కనిపిస్తే వెంటనే మందు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కొనేటప్పుడు ‘ఒక్కో క్యాప్సూల్‌కి’ ఎన్ని ఐయూ అన్న లైను చూడండి. ఇప్పుడు వదిన మందుల షాపులో చీటీ చూపించి, బిల్లుతో తెచ్చుకుంటోంది. భోజనం తర్వాత వేసుకోమన్నారు, కొవ్వున్న తిండితో బాగా ఒంటబడుతుందట. ఇలాగే మోసపోయినవాళ్లు డబ్బా, బిల్లు పారేయకుండా 1915కి ఫోన్ చేయండి, వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. మేమూ ఫిర్యాదు పెట్టాం.