కోబర్గ్ ఓవల్‌లో ఫుటీ మ్యాచ్: బ్రేక్‌లో గ్రౌండ్‌లోకి దిగండి, అసలు మజా అక్కడే (4/5)

మెల్‌బోర్న్‌లో ఇన్నేళ్లుగా ఉంటూ ఎంసీజీ తప్ప వేరే గ్రౌండ్ మొహం చూడని బ్యాచ్ మాది. మొన్న ఆఫీసులో ఒకాయన పోరు పెడితే శనివారం 19 నంబర్ ట్రామ్ ఎక్కి సిడ్నీ రోడ్ మీదుగా కోబర్గ్ వెళ్లాం, వీఎఫ్ఎల్ మ్యాచ్, అంటే ఫుటీ (ఆస్ట్రేలియా రకం ఫుట్‌బాల్)లో పెద్ద లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌కి కింది మెట్టు అనుకోండి. రూల్స్ నాకు సగమే తెలుసు, నడిమి పోస్టుల మధ్య కొడితే 6 పాయింట్లు, పక్క పోస్టుల మధ్యకి పోతే 1, ఆ మాత్రం చాలు.

పెద్ద స్టేడియం అనుకుని మాత్రం వెళ్లకండి, కంచెకి ఆనుకుని తాతలు, పిల్లలు, కుక్కలు, అంతే. చలిగాలి ఎముకలు కొరికేస్తుంది, నేను తెలివిగా చెప్పులేసుకెళ్లా, సాక్సులు తడిసి ముద్ద.

బ్రేక్‌లో జనం గ్రౌండ్‌లోకి దిగిపోతారు, అదీ దీని స్పెషల్. ప్లేయర్లు గుండ్రంగా నిలబడితే వాళ్ల వెనకే మేం, ఒంటి మీంచి ఆవిర్లు లేస్తున్నాయి, మధ్యలో కోచ్ గొంతు చించుకుంటున్నాడు, ఆయన ఉమ్మి కూడా కనిపించేంత దగ్గర. పక్కన మఫ్లర్ చుట్టుకున్న ఒక పెద్దాయన, ఫిల్ క్లియరీ కోచ్‌గా ఉన్నప్పుడూ ఇక్కడే నిలబడి విన్నానన్నాడు. నేనేమో ఆయనెవరూ అని అడిగా, ఇక చూడండి, నాలుగో క్వార్టర్ సగం కథకే పోయింది!

క్లియరీ ఇక్కడే ఆడి, కోచై, 1988, 89లో వరసగా కప్పు తెచ్చాడు. ప్రధాని పదవి పోయాక బాబ్ హాక్ ఎంపీ సీటు కూడా వదిలేస్తే 1992 ఏప్రిల్‌లో ఈ ఏరియా సీటైన విల్స్‌కి ఉప ఎన్నికొచ్చింది, 1949 నుంచీ లేబర్ పార్టీ కంచుకోట అది, అక్కడ ఈయన ఇండిపెండెంట్‌గా నిలబడి కొట్టేశాడు. మనకి సినిమా హీరోలు, వీళ్లకి ఫుటీ కోచ్ అన్నమాట. కానీ ఆయన గవర్నమెంటు టీచరు, జీతం లేని లీవులో ఉన్నా సరే ఉద్యోగం ఉన్నట్టే అని ఆ నవంబర్‌లో హైకోర్టు ఎన్నిక కొట్టేసింది (ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లెక్క). మన దగ్గర కూడా ఇదే ఆఫీస్ ఆఫ్ ప్రాఫిట్ (సర్కారు లాభ పదవిలో ఉంటూ ఎంపీగా ఉండకూడదనే రూలు) గొడవలో జయా బచ్చన్ సీటు పోయింది కదా. ఈయన మాత్రం 1993లో మళ్లీ నిలబడి మళ్లీ గెలిచాడు, 96లో ఓడాడు.

కోచ్‌కి ఓట్లెందుకు పడ్డాయో ఆ గుంపులో నిలబడితే తెలిసిపోతుందండీ, వారం వారం మన మొహం మీదే మాట్లాడేవాడికి వేరే మీటింగ్ ఎందుకు? ఇప్పటి కోచ్ మాటలు నాకు ముక్క అర్థం కాలేదు గానీ, నేనూ తల ఊపా.

పిల్లలుంటే బంతి పట్టుకెళ్లండి, బ్రేక్‌లో వాళ్లూ తన్నుకోవచ్చు. బయటికొచ్చాక సిడ్నీ రోడ్‌లో ఏదో ఒక లెబనీస్ బేకరీలో వేడివేడి జాతర్ (ఎండు ఆకులు, నువ్వుల మసాలా) రొట్టె తినండి, మా అబ్బాయి రెండు లాగించాడు. ఒక స్టార్ ఆ చలిగాలికి కోశా. బూట్లు మర్చిపోకండి.