కడపలో రెండు రోజులు, ఒక ఫ్యాన్ గేరు

కడపకు వెళ్లేవాళ్లు గండికోటకో ఒంటిమిట్టకో వెళ్తారు. నేను ఒక ప్లాస్టిక్ గేరు కోసం వెళ్లాను.

మా అమ్మ టేబుల్ ఫ్యాన్‌కు పద్దెనిమిదేళ్లు. గాలి ఇప్పటికీ బాగానే కొడుతుంది, తల తిప్పడం మాత్రం మానేసింది. వెనక డబ్బా విప్పి చూస్తే లోపలి తెల్ల గేరుకు మూడు పళ్లు లేవు. కర్నూలులో నాలుగు షాపులు తిరిగాను, నలుగురూ కొత్త ఫ్యాన్ చూపించారు. ఫోన్‌లో ఈ గోడు విన్న కడప మిత్రుడు, "నువ్వు యాడికీ పోవద్దు, ఇక్కడికి రా. మా మేడ మీద గదిలో చేసుకుందువు" అన్నాడు. బామ్మర్దిని తోడు తీసుకుని బయల్దేరాను. అతనికి గేరుతో పనిలేదు, కారం దోసెతో పని.

కర్నూలు నుంచి ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో అయిదు గంటలు పట్టింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా రోడ్డు బాగుంది. సీట్లే, మోకాళ్లు ఉన్నవాళ్ల కోసం చేసినవి కావు. దారిలో అక్కడక్కడా కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కనిపిస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలై కడప దాకా వచ్చే ఈ కాలువను 1860లలో తవ్వించినప్పుడు పడవలు నడపాలన్న ఆలోచన కూడా ఉండేది. ఇప్పుడు ఎగువవాళ్లు మడవ తిప్పుకున్నాక చివరి ఆయకట్టుకు ఎన్ని నీళ్లు వస్తాయన్నదే ప్రతి ఏడూ గొడవ. బస్సులో పక్క సీటాయన దువ్వూరు దిగేదాకా ఆ గొడవే చెప్పాడు. అప్పుడు సగం చెవితో విన్నాను.

బస్టాండ్ దగ్గర లాడ్జిలో దిగాం. పేరు చెప్పను. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని బోర్డు ఉంది. మధ్యాహ్నం మూడింటికి దిగితే మర్నాడు ఉదయం తొమ్మిదికే తలుపు కొట్టి ఖాళీ చేస్తారా అని అడిగారు. గదిలో ఒకే ప్లగ్గు, అదీ మంచం వెనక. టీవీ వైరు పీకితే తప్ప ఫోన్ చార్జింగ్ లేదు. వేడినీళ్లు అడిగితే బకెట్‌తో తెచ్చిచ్చిన పిల్లోడు మాత్రం బంగారం. రెండో రాత్రికి ఏడు రోడ్ల కూడలి వైపు ఇంకో దానికి మారాం. రెండొందలు ఎక్కువైనా దుప్పట్లు ఉతికినవి. కుటుంబంతో వెళ్లేవాళ్లు రెండొందలకు చూసుకోకండి.

ఇక మేడ మీద గది. అది హ్యాకర్‌స్పేస్. బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే హ్యాకర్లకూ దీనికీ సంబంధం లేదు. ఒక్కడు కొనుక్కోలేని పనిముట్లు పదిమంది కలిసి కొని, ఒక గది అద్దెకు తీసుకుని, ఎవరి పని వాళ్లు చేసుకుంటూ ఒకరి పనిలో ఇంకొకరు తల దూర్చే చోటు. బెర్లిన్‌లో సీ-బేస్ 1995 నుంచి ఉంది, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాయిస్‌బ్రిడ్జ్ 2007లో మొదలైంది. మన హైదరాబాద్‌లో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ప్రభుత్వం పెట్టింది, 78 వేల చదరపు అడుగులు. దాని పక్కన కడప గది మెట్ల కింద సామాన్ల కొట్టు లాంటిది. రెండు గదులు, ఒక వరండా, ఒక బాత్రూమ్. ఇంటి ఓనరుకు 'హ్యాకర్' అన్న మాట నచ్చక బయట 'వర్క్‌షాప్' అని మాత్రం రాయించారు. స్కూళ్లలో ఇలాంటి పనిముట్లతో అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్నా అవి బడిపిల్లలవి. నాలాంటి నడివయసు వాణ్ని గేరుతో ఏ బడి గేటు దగ్గరా లోపలికి రానివ్వరు.

లోపలికి పోగానే కళ్లు పడేది గోడ మీద. చెక్క పలక మీద ప్రతి పనిముట్టుకూ దాని ఆకారమే నల్ల రంగుతో గీసి ఉంది. కటింగ్ ప్లయర్ తీస్తే గోడ మీద ప్లయర్ నీడ మిగులుతుంది. ఆ నీడ మీద మేకుకు, తీసినవాళ్లు తమ పేరున్న ఇత్తడి బిళ్ల తగిలించాలి. మాకూ 'చుట్టాలు' అని రాసిన బిళ్లలు రెండు ఇచ్చారు. రోజుకు మనిషికి వంద రూపాయలు. అప్పుడే ఆ గోడ మీద నాలుగు నీడలు ఖాళీగా, బిళ్ల కూడా లేకుండా ఉన్నాయి. "అవి పోయినాయి సార్. బిళ్లల పద్ధతి రాకముందు పోయినవి. మళ్లా కొన్లేదు, గుర్తుంటాదని అట్లే పెట్టినాం" అన్నాడు మామ.

మామ అంటే అక్కడి పిల్లలందరికీ మామే. రిటైరైన లైన్‌మన్. తాళంచెవి ఆయన దగ్గర, కరెంటు బిల్లు లెక్క ఆయన దగ్గర, ఫ్యూజు పోతే ఆయన దగ్గరే. ఇలాంటి చోట్లు ఎలా నడపాలో 2007లో జర్మనీ హ్యాకర్లు కొన్ని సలహాలు కూర్చారు. వారానికోసారి అందరూ కలవాలి, కానీ ఏ రోజన్నా ఎవరికో ఒకరికి కుదరదు కాబట్టి వాదన పెట్టుకోకుండా మంగళవారం అనేయండి అన్నది అందులో ఒకటి. పిల్లలు అదే పెడదామంటే మామ అడ్డం తిరిగాడు. "మంగళారం నాడు ఎవురైనా మొదలుపెడతారా?" బుధవారం అయింది. ఆయన వల్ల ఒక తల్నొప్పి కూడా ఉంది. మామ ఊళ్లో లేని రోజు గది తెరుచుకోదు. రెండో తాళంచెవి చేయించమని ఆర్నెల్లుగా అడుగుతున్నారట. తాళంచెవులు చేసే మెషిన్ లోపలే ఉంది!

ఆ జర్మనీ సలహాల్లోనే ఇంకోటి, ఆ చోట ఎవర్నీ కాపురం పెట్టనివ్వొద్దని. అది వీళ్లు చదివి తెలుసుకోలేదు. మొదటి ఏడాది ఒక కుర్రాడు రూము దొరికేదాకా అని చాప వేసుకున్నాడు. రెండు నెలలకు వరండాలో అతని లుంగీలు, బాత్రూమ్‌లో అతని సబ్బు. ఎవరైనా పొద్దున్నే వస్తే, "అన్నా, కొంచెం ఆగి రా, ఇప్పుడే లేచినా" అనేవాడట. మంచి పిల్లోడే, రాత్రుళ్లు ఊడ్చి తుడిచేవాడు కూడా. అయినా పదిమంది గది ఒకడి ఇల్లయిపోయింది, మిగతావాళ్లు చుట్టాల్లా తలుపు కొట్టి రావలసి వచ్చింది. అమ్మాయిలైతే రావడమే మానేశారు. అందుకే ఇప్పుడు రాత్రి పదికి తాళం పడుతుంది. మా బామ్మర్ది లాడ్జి డబ్బులు మిగులుతాయని అక్కడే పడుకుందామన్నాడు. మామ నవ్వి చాప లేదన్నాడు.

టీ సంగతి చెప్పాలి. ముందు పన్నెండు కప్పులు ఉండేవట. ఎవరి కప్పు వాళ్లు కడగాలని గోడకు కాగితం అంటించారు. కాగితం ఉంది, కప్పులు సింకులో ఉన్నాయి. చివరికి కప్పులన్నీ తీసేసి, ఎవరి స్టీలు గ్లాసు వాళ్లు తెచ్చుకోమన్నారు. పెళ్లి గిన్నెల మీద చెక్కించినట్టు దాని మీద పేరు చెక్కుకోవాలి. చెక్కే మెషిన్ ఉండనే ఉంది. కడగని గ్లాసు సింకులో ఉంటే అది ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది. ఇప్పుడు సింకు తళతళలాడుతోంది. ఒక గ్లాసు మీద మాత్రం 'జిల్లా కలెక్టర్' అని ఉంది. ఎవరిదో ఎవరూ చెప్పరు, అదొక్కటే మురికిగా ఉంది.

త్రీడీ ప్రింటర్లు రెండు. ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొర వేస్తూ వస్తువు చేసే మెషిన్లు ఇవి. ఒకటి ఎప్పుడూ విప్పేసే ఉంటుందట, నేను చూసినప్పుడూ అంతే. మిగిలిన ఒక్కదానికి ముప్పై మంది. దాని వంతులు చూసే అమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది, అందరూ ఆమెను 'నీరుగట్టి' అంటారు. చెరువు కింద ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసే మనిషి పేరు ఈ పిల్లకు ఎవరు పెట్టారో గానీ భలే పెట్టారు. పగలు రెండు గంటల్లో అయిపోయే ప్రింట్లే. పొడుగు ప్రింట్లు తాళం పడకముందు మొదలుపెట్టి రాత్రికి వదిలేయాలి. ఒక మనిషి వరుసగా రెండు వంతులు తీసుకోకూడదు. మామ అడిగినా ఇవ్వదు. మేమున్నప్పుడే ఒకాయన పెళ్లి శుభలేఖల కోసం వంద బొమ్మలు కావాలని వచ్చాడు. "వ్యాపారానికైతే బయట చేయించుకోండి సార్, ఇక్కడ కాదు" అని నెమ్మదిగా పంపేసింది. బస్సులో దువ్వూరు ఆయన చెప్పిన చివరి ఆయకట్టు గొడవ అప్పుడు బుర్రకెక్కింది.

నా గేరు దగ్గర కూర్చున్నప్పుడు ఆమె చేసిన మొదటి పని పళ్లు లెక్కపెట్టడం. మిగిలినవి ఇరవై అయిదు, రాలినవి మూడు, మొత్తం ఇరవై ఎనిమిది. వెర్నియర్ కొలబద్దతో బయటి కొలత, మందం, మధ్య బొక్క అన్నీ మూడేసి సార్లు తీసింది. "ఒక్కసారి కొలిస్తే అది కొలత కాదు సార్, అంచనా." ఫ్రీక్యాడ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో గీయడానికి ముప్పావుగంట. నేను చవగ్గా ఉందని పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగ చుట్ట చూపించాను. వద్దంది. పీఎల్ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఫ్యాన్ మోటారు పక్కన నిలబడదు. అల్మరాలోంచి ఒక ఫోన్ స్టాండ్ తీసి చూపించింది. మే నెలలో ఎవరో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టారు, అప్పడంలా వంగిపోయింది. అందుకని ఇంకాస్త వేడి ఓర్చుకునే పీఈటీజీ అనే ప్లాస్టిక్‌తో చేశాం. సగంలో కరెంటు పోయింది. యూపీఎస్ ఉండబట్టి ప్రింటు ఆగలేదు. లేకపోతే ప్రింటరులో కింద ఉండే వేడి పలక చల్లారి ముక్క ఊడిపోతుంది, మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే.

గేరు వచ్చింది. పిన్ను దూరే సన్నబొక్క మాత్రం కొంచెం బిగుతు. రెండు మిల్లీమీటర్ల బిట్టుతో పెద్దది చేద్దామని నేనే డ్రిల్లు పట్టుకున్నాను. ఎవరినీ అడగలేదు. వంకరగా నొక్కాను, టప్పున విరిగింది. చుట్టూ చూస్తే ఎవరూ చూడలేదు. సగం బిట్టు చేతిలో పట్టుకుని, నిజం చెప్పాలంటే, జేబులో వేసుకుందామా అని ఒక నిమిషం ఆలోచించాను. నలభై ఆరేళ్ల మనిషిని. తలుపు పక్కన వేలాడే నోటుబుక్కు తిరగేస్తే అందులో అన్నీ ఇలాంటివే. 'మల్టీమీటరు ఫ్యూజు పోగొట్టినాను, కరెంటు కొలిచే బొక్కలో వైరు పెట్టి ఓల్టేజి చూసినాను.' 'హాట్ గ్లూ గన్ ఆపకుండా ఇంటికి పోయినాను.' కింద పేర్లు, తేదీలు. డబ్బులు కట్టించుకోరు, రాస్తే చాలు. రాయకుండా దొరికితే మాత్రం నెల రోజులు బిళ్ల లాక్కుంటారు. రాశాను. నీరుగట్టి చదివి, "అడ్డంగా పట్టుకున్నారా?" అంది, అంతే. సాయంత్రం ఇనుప సామాన్ల షాపులో రెండు బిట్లు కొనిచ్చాను. ఎవరూ అడగలేదు, కానీ ఇవ్వకపోతే నిద్ర పట్టేది కాదు.

బాత్రూమ్ శుభ్రంగా ఉంది, గడియ పడుతుంది. ఆడపిల్లలు వచ్చే చోట డ్రిల్లు మెషిన్ కంటే ఇది ముఖ్యం. గదుల్లోకి గాలి రాదు, అది లోపం. సోల్డరింగ్ పొగకు ఒక చిన్న ఫ్యాన్ పెట్టారు గానీ అది పొగను పక్కవాడి మొహం మీదికి తోస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లకండి.

తిండి విషయంలో కడపను తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. ఎర్రకారం పూసి పప్పులపొడి చల్లిన దోసె రెండు పూటలా తిన్నాం. బామ్మర్ది మూడు పూటలా. ఉప్పూకారం వేసి ఉడకేసిన శెనక్కాయలు వాళ్లే తెచ్చి పెట్టారు. మేం వాటిని బుడ్డలంటే వాళ్లు నవ్వారు.

రెండో రోజు పొద్దున ఎర్రముక్కపల్లె వెళ్లి బ్రౌన్ గ్రంథాలయం చూశాం. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ బంగళా ఉన్న చోటే అది. తన జీతం డబ్బుతో పండితులను పెట్టుకుని, ఊరూరా ఉన్న తాళపత్రాలు తెప్పించి, ఒక్కో కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి తప్పులు దిద్దించాడు. నీరుగట్టి మూడుసార్లు కొలిచినట్టే. బామ్మర్దికి అక్కడి నిశ్శబ్దం నచ్చింది, కుర్చీలో కునుకు తీశాడు.

మధ్యాహ్నం బద్వేలు మీదుగా పోరుమామిళ్ల వెళ్లాం, మామ చెప్పబట్టి. బస్సులు తక్కువ, తిరుగు ప్రయాణం టైము ముందే కనుక్కోండి. అక్కడి పెద్ద చెరువు 1369 నాటిది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. వేయి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని సంస్కృత శాసనంలో ఉంది. మంచి చెరువుకు కావలసినవి పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అని కూడా అందులోనే చెక్కారు. పని తెలిసిన మనుషుల గుంపు ఉండాలన్నది పన్నెండులో ఒకటి. నీళ్లు తక్కువై భూమి ఎక్కువ కావడం ఆరు దోషాల్లో ఒకటి. ఒక్క ప్రింటరు, ముప్పై మంది. మామ నన్నెందుకు అక్కడికి పంపాడో గట్టు మీద నిలబడ్డాక తెలిసింది. శాసనం నాకు చదవడం రాదు. గట్టు మీద గాలి మాత్రం కడప గదిలో లేని గాలి.

ఇంటికొచ్చి గేరు బిగించాను. ఫ్యాన్ తల తిప్పుతోంది. కుడి చివరకు వెళ్లినప్పుడు ఒక్క క్షణం ఆగి, కిర్రుమని, మళ్లీ ఎడమకు తిరుగుతోంది. విప్పి సరిచేస్తానంటే అమ్మ వద్దంది. ఆ ఆగే చోటికి తన కుర్చీ జరుపుకుంది.