బ్యాటరీ అడగని కెమెరా: ఒలింపస్ ట్రిప్ 35

ఒలింపస్ సంస్థ 1967లో విడుదల చేసి 1984 వరకు తయారు చేసిన ట్రిప్ 35 కెమెరాకు అసలు బ్యాటరీయే అవసరం లేదు. లెన్స్ చుట్టూ తేనెపట్టులా కనిపించే సెలీనియం ఘటం తనపై పడిన వెలుతురుతోనే విద్యుత్తు పుట్టిస్తుంది. దానితో కదిలే సూదిని బట్టి కెమెరా సెకనులో 40వ వంతు లేదా 200వ వంతు షట్టర్ వేగాన్ని, అందుకు తగినట్టు వెలుతురు లోపలికి వెళ్లే రంధ్రం వెడల్పును, అంటే అపెర్చర్‌ను తానే ఎంచుకుంటుంది. వెలుతురు చాలనప్పుడు షట్టర్ మీట నొక్కితే, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో ఎర్రని రేకు పైకి లేచి, షట్టర్ పడకుండా ఆగిపోతుంది. ఫిల్మ్ ఇంత ఖరీదైన ఈ రోజుల్లో అలా మిగిలే ఒక్కో ఫ్రేమూ నాకు విలువైనదే.

దూరాన్ని మాత్రం మనమే అంచనా వేసి, లెన్స్ రింగుపై దూరాలను సూచించే నాలుగు బొమ్మల్లో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎండలో చిన్న పొరపాట్లు బయటపడవు గానీ, వరండా నీడలో మీటరు దూరంలోని ముఖాన్ని తీసేటప్పుడు జాగ్రత్త తప్పదు. 40 మి.మీ. లెన్స్ ఇచ్చే స్పష్టత ఆ శ్రమకు తగినదే.

పాతది కొనేవారు వెనుక తలుపు అంచుల్లో వెలుతురు చొరబడకుండా ఆపే ఫోమ్ జిగురుగా మారిందేమో చూడాలి. తర్వాత అపెర్చర్ రింగును ‘ఏ’ (ఆటో) గుర్తుపై ఉంచి, లెన్స్‌ను అరచేతితో మూసి మీట నొక్కండి; ఎర్ర రేకు లేవకపోతే తీసుకోవద్దు, మండుటెండలోనూ లేస్తే సెలీనియం ఘటం పని అయిపోయినట్టే.