చాపెల్ హిల్ ఫ్రీ బస్సు: ఒక స్టార్ ఎందుకు కోశానంటే

నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్ టౌన్ బస్సుకి ఐదుకి నాలుగు. 2002 నుంచి టికెట్ లేదు, ఎక్కి కూర్చోవడమే, సైకిల్ ఉంటే బస్సు ముందున్న స్టాండులో పెట్టేయొచ్చు. ఖర్చుని చాపెల్ హిల్, కార్‌బరో టౌన్లు, యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలినా) పంచుకుంటాయి, ఎలక్ట్రిక్ బస్సులు కూడా దింపారు.

కోసిన స్టార్ బస్సుది కాదు, ఆ యూనివర్సిటీది! కామెరాన్ అవెన్యూలోని వాళ్ల పవర్ ప్లాంట్‌కి కార్‌బరో మీదుగా గూడ్సు రైల్లో బొగ్గు తెచ్చుకుంటూ, 2020కల్లా మానేస్తామని 2010లో గొప్పగా ప్రకటించారు, గడువు దాటినా మానలేదు. బస్సుల కోసం టౌన్లతో చేయి కలిపినవాళ్లకి బొగ్గు దగ్గర ఏమొచ్చిందో మరి.

దగ్గర్లోని కేరీ, మోరిస్‌విల్ టౌన్ల నుంచి పిల్లలకి క్యాంపస్ చూపించడానికి వచ్చే మనవాళ్లు పార్కింగ్ టెన్షన్ పెట్టుకోకుండా, కారు పార్క్ అండ్ రైడ్‌లో వదిలేసి ఇది ఎక్కండి.