రై బీరా, వైస్‌బియరా? బవేరియా వచ్చినప్పుడు ఏది అడగాలి

మ్యూనిక్ వస్తున్నామని ఫోన్ చేసే మనవాళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు: "వైస్‌బియర్ హైదరాబాద్ మైక్రోబ్రూవరీల్లోనే తాగేశాం, మరి ఆ రొగెన్‌బియర్ సంగతేంటి?" మొన్న ఇక్కడి ఒక చిన్న క్రాఫ్ట్ బ్రూవరీలో రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టుకుని తాగాను కాబట్టి జవాబు ఒకేసారి రాసేస్తున్నాను.

వైస్‌బియర్ అంటే గోధుమ బీరు, రొగెన్‌బియర్ అంటే రై అనే ధాన్యంతో చేసే బీరు. ఈస్ట్ రెండింటికీ ఒకటే రకం, అరటిపండు, లవంగం వాసనలిచ్చేది. తేడా అంతా ధాన్యంలోనే. వైస్‌బియర్ మాల్టులో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యంలో, కనీసం సగం గోధుమ. రొగెన్‌బియర్‌లో దాదాపు అంతే పాళ్లలో రై. రై అంటే ఘాటు అని మెనూల్లో రాస్తుంటారు గానీ, నాకు తెలిసి ఆ ఘాటులో ఎక్కువ భాగం ఈస్ట్ తెచ్చే లవంగానిదే. రై బ్రెడ్ తిన్న అలవాటుతో కొందరు జీలకర్ర లాంటి కేరవే గింజల రుచి కోసం వెతుకుతారు. అవి బ్రెడ్‌లో వేసేవి, బీరులో ఉండవు. రై తనంతట తాను ఇచ్చేది బాగా కాలిన రొట్టె అంచు రుచి, చివర్లో కాస్త వగరు.

నన్నడిగితే అసలు తేల్చేది చిక్కదనం. రైలో బీటా గ్లూకాన్ల వంటి జిగురు పదార్థాలు ఎక్కువ, పైగా బార్లీకి ఉన్నట్టు పొట్టు ఉండదు. గోధుమకూ పొట్టు లేదు కానీ ఇంత జిగురు లేదు. అందుకే రై మాష్ (వేడినీళ్లలో నానబెట్టిన మాల్టు) వడకట్టేటప్పుడు రసం ఒక పట్టాన కిందికి దిగదు. బ్రూవర్‌కి అదో టెన్షన్. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్లయితే ఊక కలిపి గట్టెక్కుతారు. అక్కడ అంత సతాయించిన జిగురే గ్లాసులోకి వచ్చేసరికి సుగుణం అవుతుంది. పల్చటి రాగి జావ జారినట్టు నాలుక మీద నిండుగా జారుతుంది. మొన్నటి గ్లాసులో రంగు మసక రాగి, నురగ లేత గోధుమ రంగు, తాగినంత మేరా గ్లాసు గోడకి అంటుకుని నిలిచింది. దాని తర్వాత వైస్‌బియర్ గుక్కేస్తే సోడాలా తేలిపోయింది.

ఇంత మంచిది అరుదెందుకంటే చరిత్రా కలిసి రాలేదు. 1516 నాటి బవేరియా శాసనం బీరుకి బార్లీనే ఒప్పుకుంది. గోధుమ బీరు రాజవంశం చేతిలో ప్రత్యేక హక్కుగా బతికింది. రైకి ఆ అండ లేదు. 1988లో రేగెన్స్‌బుర్గ్‌కి చెందిన థుర్న్ ఉండ్ టాక్సిస్ బ్రూవరీ షీర్లింగర్ రొగెన్ అనే రై బీరు తెచ్చాకే మళ్లీ దాని పేరు వినబడింది.

వైస్‌బియర్‌ని తీసిపారేయను. ఎండాకాలం మధ్యాహ్నం, తోటలో కూర్చుని రెండో గ్లాసు కూడా తాగాలనుకుంటే అదే నయం. రొగెన్ ఒక్కదానికే కడుపు నిండుతుంది. కానీ చలి సాయంత్రం, పంది మాంసం రోస్టుతోనో, ఇంట్లో చేసిన మటన్ వేపుడుతోనో అయితే నా ఓటు రొగెన్‌కే. ముదురు రంగు గోధుమ బీరు డుంకెల్‌వైజెన్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది, రొగెన్ దొరకని రోజు తీసుకోవచ్చు. అమెరికా రై ఐపీఏల జోలికి ఇందుకోసం వెళ్లకండి, అవి చేదు బీర్లు, వాటిలో హాప్స్ అనే పువ్వుల చేదు ముందు రై ఆనదు.

సీసా కొంటే మరీ చల్లగా తాగకండి, ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు ఆగండి. చివర రెండు వేళ్ల బీరు మిగిలినప్పుడు సీసాని గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్‌తో సహా వంచేయండి.