మక్క కంకుల గౌను

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నా. మొన్న షాపు మూశాక మా కోడలు ఫోన్‌లో 'ప్రాజెక్ట్ రన్‌వే' మొదటి ఎపిసోడ్ పెట్టింది. పాతదే, 2004 డిసెంబర్‌లో అమెరికాలో వచ్చింది. పన్నెండు మంది డిజైనర్ల పోటీ.

పట్టు, నెట్ తానులు చూపిస్తారేమో అనుకున్నా. వాళ్లనేమో సూపర్‌మార్కెట్‌కి పంపారు! చేతికి 50 డాలర్లు, అక్కడ కొన్నవాటితోనే డ్రెస్సు తయారు చేయాలి. ఆస్టిన్ స్కార్లెట్ అనే అబ్బాయి మక్క కంకుల పొరలతో గౌను చేశాడు. నాకు ఒకటే టెన్షన్. పచ్చి పొర తెల్లారేసరికి వాడి ముడుచుకుపోతుంది, మా అమ్మగారింటి చేనులో చూసిందే కదా. "అత్తమ్మా, నువ్వు కుట్టినట్టు చెమటలు పడుతున్నయేంది?" అని కోడలు ఒకటే నవ్వుడు. చివరికి గెలిచింది ఆ గౌనే.

డిజైనర్ల పని చూసి సలహాలు చెప్పే టిమ్ గన్ మాత్రం నచ్చాడు. గొంతు పెంచకుండానే తప్పు చూపిస్తాడు. నాకు పని నేర్పిన ఉస్తాద్ అయితే ముందు స్కేలుతో వేళ్ల మీద కొట్టి, తర్వాత చెప్పేవాడు.

కుట్టు సరిగా చూపించకపోవడమే నాకు కోపం. మాటలు, ఏడుపులు బోలెడు. ఆ పొరలు చంక దగ్గర ఎలా నిలిచాయి, లోపల లైనింగ్ ఏం వేశాడు? పోచంపల్లి ముక్కలో డిజైన్ కలపడానికే నాకు అరపూట పడుతుంది, ఇది చూపించొద్దా?

ఐదుకు మూడున్నర ఇస్తా. రెండో ఎపిసోడ్ ఆదివారం, షాపుకు సెలవు.