ఎల్ఈడీ మార్చుకున్న టార్చిలైటుకు నున్నని రిఫ్లెక్టరా, గరుకు రిఫ్లెక్టరా?

ఒకే టార్చిలైటులో అమరే, వ్యాసమూ లోతూ సమానంగా ఉన్న రెండు అల్యూమినియం రిఫ్లెక్టర్లను (ఎల్ఈడీ వెలుగును ముందుకు మళ్లించే గిన్నె వంటి భాగాలను) మార్చి మార్చి బిగించి చూసిన మీదట రాస్తున్న సమీక్ష ఇది. ఒకటి పూర్తిగా నున్ననిది. రెండవది నారింజ తొక్క మీద ఉండే గుంటల వంటివి లోపలంతా పరుచుకున్న ఆరెంజ్ పీల్ రకం. ఎల్ఈడీ మార్చుకున్నవారిలో చాలామంది, నున్ననిదైతే వెలుగు ఎక్కువ దూరం పోతుందన్న ఒక్క మాట పట్టుకుని దానినే కొంటారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు కాని, లోపల ఏ ఎల్ఈడీ ఉందో చూడకుండా దానిని నమ్ముకోవడం తొందరపాటే.

నున్నని రిఫ్లెక్టర్ ఎల్ఈడీలోని లోపాలను దాచదు. గుమ్మటం (పైన ఉబ్బెత్తుగా ఉండే పారదర్శకమైన కప్పు) లేని, వెలుగునిచ్చే చిప్ ఒక్కటే ఉన్న ఎక్స్‌పీ-ఎల్ హెచ్ఐ వంటి ఎల్ఈడీ బిగిస్తే మధ్యలో అంచు తేలిన ప్రకాశవంతమైన వృత్తం ఏర్పడుతుంది, చూడముచ్చటగానూ ఉంటుంది. అదే రిఫ్లెక్టర్‌లో నాలుగు చిప్‌లున్న ఎక్స్‌హెచ్‌పీ 50 రకాన్ని పెడితే, చిప్‌ల మధ్య సందు వలన నడిమధ్యన మసక మచ్చ పడే అవకాశం ఉంది. కొన్నిటిలో దాని చుట్టూ పసుపు ఛాయ వలయం కూడా కనబడుతుంది. గరుకు రిఫ్లెక్టర్ ఆ కిరణాలను కొద్దికొద్దిగా చెదరగొట్టి ఒకదానితో ఒకటి కలిపేస్తుంది కనుక మచ్చా వలయమూ చాలావరకు కరిగిపోతాయి.

ఇందుకు బదులుగా పోయేది దూరం, అదీ అందరూ భయపడేంత కాదు. టార్చి దూరాన్ని లెక్కగట్టే ప్రమాణం ప్రకారం వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత) పడిపోయే చోటే దాని హద్దు. క్యాండెలా విలువకు, అంటే వెలుగు పుంజం తీవ్రతకు, వర్గమూలం తీసి 2తో గుణిస్తే అది మీటర్లలో వస్తుంది. 10,000 క్యాండెలాలున్న టార్చి 200 మీటర్లు అందుకుంటే, గరుకుతనం వలన 20 శాతం తగ్గి 8,000 మిగిలినా 179 మీటర్లు అందుతాయి. పైగా మధ్యలో తగ్గిన వెలుగులో ఎక్కువ భాగం చుట్టుపక్కలకు చేరుతుంది తప్ప వృథా కాదు. నడిచేటప్పుడు కాళ్ల ముందు చూసుకోవడానికి నాకు అదే మేలనిపించింది.

గరుకులోనూ తేడాలున్నాయి. సన్నని గుంటలున్నది చాలా ఎల్ఈడీలకు సరిపోతుంది. ముతక గుంటలున్నది, తల చిన్నగా ఉన్న టార్చిలో పెడితే, మధ్య వెలుగునే పలచన చేస్తుంది.

అయితే రిఫ్లెక్టర్‌ను నిందించే ముందు ఎల్ఈడీ చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగును చూడాలి. దాని మందం ఒక మిల్లీమీటరులో కొద్ది వంతు తేడా వచ్చినా ఫోకస్ తప్పి, మంచి ఎల్ఈడీకి కూడా నడుమ చీకటి మచ్చ ఏర్పడుతుంది. నున్నని రిఫ్లెక్టర్‌లో అది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ రింగు తీసేస్తే అల్యూమినియం అంచు సోల్డర్ చుక్కలకు తగిలి షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది.

నా ఎంపిక సన్నని గరుకు రిఫ్లెక్టరే; నున్ననిదాన్ని లోతైన తల, గుమ్మటం లేని ఎల్ఈడీ ఉన్న టార్చికి మాత్రమే కేటాయిస్తాను. ఏది కొన్నా లోపలి పూతను వేలితో గాని, గుడ్డతో గాని తాకకూడదు. దుమ్ము పడితే గాలి ఊదే రబ్బరు బుడ్డి వాడాలి.